ఉండండి, చూస్తున్నాను

ఆ రోజుల్లో మా వైపు ఇంట్లో ఫోను మోగితే ముందు అందరూ ఉలిక్కిపడేవారు, తరవాత ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు, ఆ తరవాత ఎవరికి కాస్త గుండె నిబ్బరం ఉంటే వాళ్లు వెళ్లి ఎత్తేవారు. ఇప్పుడు కూరగాయల బండి తోసుకొచ్చే మనిషి జేబులో కూడా ఒక ఫోను పాటలు పాడుతూ ఉంటే, నేను చెప్పబోయేది కట్టుకథ అనుకునేవాళ్లు ఉంటారు. అనుకోనివ్వండి. అరవైల చివర్లో, పాతపట్నం దాటాక చిన్న రైలు ఆగే ఒక ఊళ్లో, రెండు గదుల పెంకుటింట్లో పెట్టిన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నేను ఆపరేటరుగా చేరాను. నాకప్పుడు ఇరవయ్యో ఏడు. మా నాన్నగారు మిషన్ బళ్లో మేష్టారు. ఆడపిల్లని ఉద్యోగానికని వేరే ఊరు పంపడమేమిటని చుట్టాలంతా ముక్కున వేలేసుకుంటే, ఆయన ఒక్కరే నా ట్రంకుపెట్టె మోసుకుని స్టేషనుదాకా వచ్చి రైలెక్కించారు. ఆరు నెలలు నా మీద ఏ మాటా రాకుండా పనిచేస్తే ఉద్యోగం ఖాయం. మాట వస్తే అదే పెట్టెతో, అదే రైల్లో వెనక్కి. ఇంటి దగ్గర చుట్టాలు నాకోసం సంబంధం ఒకటి సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు (ఆ పెళ్లికొడుకుని నేను ఒకసారి చూశాను. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల చెవి వైపు చూస్తాడు).

ఊరి మొత్తానికి ముప్పై ఒక్క ఫోన్లు. నా ముందు ఒక చెక్క బోర్డు, దానికి వరసగా కన్నాలు, ఒక్కో కన్నం మీద ఒక చిన్న ఇత్తడి మూత. ఎవరింట్లోనైనా ఫోను పిడి తిప్పితే ఇక్కడ వాళ్ల మూత టక్కున కింద పడుతుంది. నేను తీగ గుచ్చి, ఎవరు కావాలో అడిగి, ఇంకో తీగ ఆ కావలసినవాళ్ల కన్నంలో గుచ్చి, బోర్డు పక్కనున్న పిడి గిరగిరా తిప్పితే అవతల గంట మోగుతుంది. నేనెంతసేపు తిప్పితే అంతసేపు మోగుతుంది. ఈ పని నాకు నేర్పింది విజయనగరం ఎక్స్ఛేంజిలో సీనియర్ ఆపరేటరు. అందరూ ఆవిణ్ణి అక్కయ్య అనేవారు. శిక్షణ రోజుల్లో ఆవిడ నాకు మూడే మూడు మాటలు నేర్పింది. ఒకటి, "నంబరు చెప్పండి." రెండు, "ఉండండి, చూస్తున్నాను." మూడు, "మూడు నిమిషాలు అయిందండి." ఈ మూడింటితో ముప్పై ఏళ్లు ఉద్యోగం చెయ్యొచ్చని అక్కయ్య నమ్మకం. చూస్తున్నానంటే, అవతలి లైను ఖాళీగా ఉందో లేదో చూస్తున్నాను అని అర్థం. నేను శ్రద్ధగా, తీయగా, సాగదీస్తూ రోజుకి ఎనభై సార్లు ఆ మాట అనేదాన్ని. ఊళ్లో అందరూ నన్ను 'హలో గుంట' అని పిలిచేవారు. మా వైపు గుంట అంటే పిల్ల. నీళ్ల గుంట అనుకోకండి.

మా ఎక్స్ఛేంజికి ఒక లైన్‌మన్ ఉండేవాడు. నలభై అయిదేళ్ల మనిషి, సన్నగా స్తంభంలాగే ఉండేవాడు. ఊరంతా తీగల మావ అనేవారు, నేనూ అదే అనేదాన్ని. తీగల మావకి చదువంటే ప్రాణం. కానీ ఆయన చదివేవన్నీ కిరాణా కొట్టు పొట్లాల కాగితాలు. చింతపండు పొట్లం విప్పగానే చింతపండు భార్యకిచ్చి కాగితం తను తీసుకునేవాడు. పాత పత్రికలు, చిరిగిన పుస్తకాలు, ప్రపంచంలో జరిగే వింతలన్నీ ఆయనకి ఆ దారినే తెలిసేవి. చిక్కల్లా ఒక్కటే. ఏ వింతైనా సగం దగ్గర చిరిగిపోయి ఉండేది. మిగతా సగం మావ సొంతంగా కనిపెట్టుకునేవాడు. "ఒలే గుంటా, ఇది సూడు. అమెరికాలోనట, ఫోను సేస్తే ఇంట్లో దీపం ఎలుగుతాదట. ఎలగెలుగుతాదో రాసినకాడ బెల్లం అంటుకుని సిరిగిపోనాది. పర్లేదులే, ఆలోసిస్తాను," అనేవాడు.

ఆలోచించాడు కూడా. మా ఊళ్లో రైసు మిల్లు యజమానిని మిల్లు బావు అనేవారు. ఆయనకి రెండు ఫోన్లు. ఒకటి ఇంట్లో, రెండోది ఊరవతల తోటలో, నీళ్ల మోటారు ఉన్న షెడ్డులో. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని కాలం. వచ్చినప్పుడల్లా మోటారు వెయ్యడానికి ఇంటి నుంచి తోటకి మనిషి పరిగెత్తేవాడు, అతను చేరేలోపు కరెంటు పోయేది. తీగల మావ వెళ్లి తోటలో ఫోను మూత విప్పి, గంట కొట్టే చిన్న సుత్తికి ఒక దారం కట్టాడు. దారం రెండో కొస ఒక వెదురు పుల్లకి. ఆ పుల్ల మీద ఒక రాయి. రాయి కింద మోటారు పచ్చ బొత్తాం. నేను ఎక్స్ఛేంజిలో పిడి తిప్పితే అక్కడ సుత్తి ఊగుతుంది, దారం గుంజుతుంది, పుల్ల జారుతుంది, రాయి పడుతుంది. నమ్మండి నమ్మకపోండి, మొదటిరోజే మోటారు తిరిగింది. నేను ముప్పై లెక్కపెట్టేదాకా పిడి తిప్పి చెయ్యి పీక్కుపోయింది గానీ, అవతల నుంచి "వస్తన్నాయి! నీళ్లొస్తన్నాయి!" అని మావ వేసిన కేక ఫోను లేకపోయినా వినబడేదే. మోటారు ఆపడానికీ, రాయిని మళ్లీ పుల్ల మీద పెట్టడానికీ మాత్రం ఎప్పటిలాగే మనిషి వెళ్లాలి. ఆ చిన్న విషయం ఎవరూ పట్టించుకోలేదు. ఆ వారమంతా మిల్లు బావు చుట్టుపక్కల ఊళ్లనుంచి జనాన్ని పిలిచి, వాళ్లముందు ఫోనెత్తి, "తోట ఇయ్యమ్మా," అని నాకు ఆర్డరు వేస్తూ గడిపాడు.

ఇక తీగల మావ మాటకి ఊళ్లో తిరుగులేదు. అలాంటి సమయంలో ఆయనకి మినపప్పు పొట్లంలో ఇంకో కాగితం దొరికింది. ఢిల్లీలో టెలివిజన్ అని ఒక పెట్టె ఉందనీ, మనుషుల బొమ్మలు అందులోకి గాల్లో వస్తాయనీ, పై దేశాల్లో అయితే ఆ బొమ్మల్ని ఏకంగా టెలిఫోన్ తీగలోంచే పంపే యంత్రం కనిపెడుతున్నారనీ అందులో ఉంది. 'ఈ యంత్రం సహాయంతో మాట్లాడేవారు ఒకరినొకరు' అన్నదాకా ఉండి, అక్కడ చిరిగింది. మావ ఆ కాగితం తీసుకుని టీ హోటలుకి వెళ్లి, బల్ల మీద పరిచి, బొమ్మ తీగలోకి ఎలా దూరుతుందో, అవతల ఎలా బయటికొస్తుందో అరగంటసేపు వివరించాడట. "మన తీగా అదే రాగి, ఆళ్ల తీగా అదే రాగి. ఆళ్లకొచ్చింది మనకి రాదేటి?" అన్నాడట. ఎవరో అడిగారు, "మరి ఇప్పుడు వస్తందా?" అని. "వస్తానే ఉంటాది. మనకి అద్దం నేదు గాబట్టి కనపడదు," అన్నాడు మావ. అప్పుడు ఇంకెవరో, చాలా తెలివైనవాడు, ఆలోచించి ఆలోచించి అన్నాడట: "మరి ఆ హలో గుంట పొద్దస్తమానం సూస్తన్నాను, సూస్తన్నాను అంటాదేటి?"

అంతే. ఆ సాయంత్రానికి ముప్పై ఒక్క ఇళ్లకీ ఆ మాట చేరింది. నాకు మాత్రం ఏమీ తెలియదు. తెలియకపోగా మర్నాటినుంచి ఊళ్లో మర్యాద పెరిగిందని సంతోషించాను. ఫోను ఎత్తగానే "నమస్కారమమ్మా" అంటున్నారు. కొందరు ఎత్తాక అరనిమిషం పలకడం లేదు (చొక్కా తొడుక్కుంటున్నారని తరవాత తెలిసింది). పూర్వం గట్టిగా తిట్టే బట్టల కొట్టు ఆసామీ ఇప్పుడు నవ్వుతూ తిడుతున్నాడు. మూడోరోజు మాట్లాడుతూ మాట్లాడుతూ మా తీగల మావే అసలు సంగతి చెప్పాడు. నేను పడీపడీ నవ్వాను. నవ్వి అక్కడితో ఊరుకుని, అందరికీ ఫోను చేసి అలాంటిదేమీ లేదు మహాప్రభో అని చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఇరవయ్యేళ్ల పిల్ల చేతికి ఊరందరి భయం ఊరికే దొరికితే ఏం చేస్తుంది? నేనూ అదే చేశాను. మిల్లు గుమాస్తా ఫోనులో మాట్లాడుతూ మధ్యలో ఉఫ్ మని ఊదుతుంటే వినబడి, "ముందు ఆ బీడీ పారెయ్యండి," అన్నాను. అవతల ఏదో కింద పడిన చప్పుడు. వారం రోజులు ఆయన నిలబడే మాట్లాడాడు. ఇంకొకాయన నోట్లో ఏదో పెట్టుకుని నంబరు చెబితే, "పూర్తిగా తినేసి చెప్పండి, తొందరేం లేదు," అన్నాను. మా నాన్నగారు నాకు చిన్నప్పుడే అబద్ధం ఆడకూడదని నేర్పారు. నేను ఆడలేదు కూడా. కనబడుతోందని ఒక్కసారీ అనలేదు. ఆ సన్నటి గీత మీద నడుస్తూ నాకు నేను చాలా తెలివైనదాన్నని మురిసిపోయాను.

ఆ మురిపెం మూడు వారాలు. ఇళ్లల్లో ఫోను ఉన్న గదిలోకి ఆడవాళ్లు రావడం మానేశారు. ఫోన్ల మీద తువ్వాళ్లు కప్పారు. ఒక ఇంట్లో అయితే పెద్ద గంగాళం బోర్లించారు. తువ్వాలు కింద గంట వినబడక కాల్స్ పోతున్నాయి, పోయినందుకు మళ్లీ నన్నే తిడుతున్నారు. చివరికి మిల్లు బావు ఆధ్వర్యంలో పధ్నాలుగు మంది సంతకాలతో పై ఆఫీసుకి ఒక అర్జీ వెళ్లింది. దాని నకలు ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. 'సదరు ఆపరేటరమ్మ తీగ గుండా మా గృహములను పరికించుచున్నందున మా ఆడవారు ఫోను గల గదియందు తిరుగుటకు బిడియపడుచున్నారు' అని ఉంది అందులో. నేను గుమాస్తా బీడీ సంగతి పట్టుకోవడం సాక్ష్యంగా రాశారు. రాబోయే గురువారం ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి విచారిస్తారని కబురొచ్చింది.

విజయనగరం అక్కయ్య లైన్లో నా మాట విని మొదట నవ్వి, తరవాత నవ్వు ఆపేసింది. "చూడగలవా లేదా అన్నది కాదే ఇప్పుడు. బీడీ పారెయ్యమన్నావా లేదా? అన్నావు. తినేసి చెప్పమన్నావా? అన్నావు. కొత్తగా చేరిన ఆపరేటరు చందాదార్లతో వేళాకోళం ఆడిందని తేలితే చాలు," అంది. నిజమే. నేను చూడలేదని నిరూపించినా నా తప్పు నా తప్పే. పధ్నాలుగు మందికి నమ్మకం లేని ఆపరేటర్ని ఎవరుంచుకుంటారు? ఆ రోజు మధ్యాహ్నం బోర్డు ముందు కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే, "ఉండండి, చూస్తున్నాను," అన్నాను. ట్రంకుపెట్టె, చుట్టాల ముఖాలు, చెవుల వైపు చూసి మాట్లాడే ఆ పెళ్లికొడుకు, అన్నిటికన్నా ముందు స్టేషన్లో నాన్నగారు ఏమీ మాట్లాడకుండా పెట్టె అందుకోవడం, అన్నీ నాకు బాగా కనబడ్డాయి. తీగలోంచి చూస్తానని పేరు పడినందుకు ఆ ఒక్కరోజు నిజంగానే చూశాను.

సోమవారం పొద్దున్న మిల్లు మామ్మ ఎక్స్ఛేంజికి వచ్చింది. ఆవిడ మిల్లు బావు తల్లి. డెబ్భై దాటిన మనిషి, ఇంట్లో కోడళ్లూ మనవలూ కలిసి ఇరవై మంది, ఆవిడ కన్నెత్తి చూస్తే ఇరవై మందీ నిలబడేవారు. నేరుగా లోపలికొచ్చి నా స్టూలు పక్కన నేల మీద చతికిలబడింది. తిట్టడానికి వచ్చిందనుకుని నేను లేచి నిలబడ్డాను.

"కూకోయే. నాను తగువుకి రానేదు. నువ్వు తీగలోంచి సూస్తావట గదా. ఎంత దూరం సూడగలవు?"

"మామ్మా, ఒట్టు, నాకేమీ కనబడదు. వినబడుతుంది, అంతే."

"అలాగే సెప్పాలి. అందరికీ సెప్పీసుకుంటావేటి? సరే, నాకూ సెప్పకు. ఖరగ్‌పూరు ఔపడతాదా?"

అప్పుడు చెప్పింది సంగతి. ఖరగ్‌పూరులో ఆవిడ చెల్లెలు ఉంది. మా వైపు వాళ్లు రైల్వే పనులకని వెళ్లి అక్కడ వీధులకి వీధులే ఉండేవారు. చెల్లెలి భర్త, ఆయన తరవాత కొడుకూ అక్కడి వర్కుషాపులోనే. తొమ్మిదేళ్ల కిందట ఒక పెళ్లిలో మామ్మ చేయించిన పనసపొట్టు కూర తిని, పంక్తిలో అందరూ వినేలా, "అప్పా, ఆవ ఎక్కువైపోనాది," అందట చెల్లెలు (మా వైపు అక్కని అప్ప అంటారు). మామ్మ ఆ సాయంత్రమే బండి కట్టించుకుని శ్రీముఖలింగం వెళ్లి, చెల్లెలితో ఇక జన్మలో మాట్లాడనని అక్కడి శివలింగం ఎదుట ఒట్టేసుకుంది. తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. ఉత్తరాలొస్తే చదివించుకోలేదు. ఇంటికి ఫోను వచ్చినా ఏం లాభం, ఫోనులో చేసేది మాట్లాడడమే కదా.

"మాటాడనని ఒట్టేసినాను గానీ, సూడనని ఎయ్యనేదు," అంది మామ్మ. "నువ్వు సూస్తావని మా కోడలు సెప్పింది. అప్పటినుంచి నాకు కుదురు నేదు. నువ్వొకపాలి దాన్ని సూసి, ఎలగున్నాదో సెప్పు. నాను మాత్రం నోరిప్పను. మా వోడి అర్జీ సంగతి నాకొగ్గీ. నాను సింపించేస్తాను."

ఇదీ నా పరిస్థితి. నేను చూడలేనని నిరూపించుకుంటేనే ఉద్యోగం, చూసి చెబితేనే అర్జీ పోవడం. ఆ ముసలామె ముఖంలోకి చూస్తే, కనబడదు మామ్మా అని ఇంకోసారి చెప్పడానికి నోరు రాలేదు. కనబడుతుందని చెప్పడానికీ రాలేదు. చివరికి అన్నాను: "మామ్మా, నేను విన్నది విన్నట్టు చెబుతాను. ఒక్క ముక్క కలపను. అలా అయితే కుదురుతుందా?" ఆవిడ, "నీ బాస నాకెరక నేదు గానీ, అలగే కానీ," అంది.

చెల్లెలి ఇంటికి దగ్గర్లో కిరాణా కొట్లో ఫోను ఉంది. ఆవిడనే పిలిపించి మాట్లాడించమని బుధవారం పదకొండు గంటలకి పి.పి. కాల్ బుక్ చేశాం. పి.పి. అంటే ఫలానా మనిషి వస్తేనే లైను కలపడం. విజయనగరం అక్కయ్యకి సంగతంతా చెప్పి కాళ్లావేళ్లా పడితే, అటుపక్క ఆపరేటర్లని బతిమాలి, ముందురోజే కొట్టుకి కబురు చేయించింది. బుధవారం పొద్దున్నే మిల్లు మామ్మ జరీ చీర కట్టుకుని, నుదుట కాసంత బొట్టుతో, తలకి నూనె రాసుకుని వచ్చింది. ఇటు నుంచి అటు చూడగలిగితే అటు నుంచి ఇటూ చూడొచ్చు కదా. తీగల మావ ఏదో లైను పని చూసే మిషతో కిటికీ పక్కన చేరాడు. ఆయనకి ఇది తన యంత్రానికి పరీక్ష.

పదకొండున్నరకి గరగరమంటూ లైను కలిసింది. దూరంగా, నూతి అడుగునుంచి వచ్చినట్టు ఒక గొంతు.

"ఎవులూ?"

"అమ్మా, నేను ఎక్స్ఛేంజి నుంచి. మీరు ఇప్పుడు ఏ చీర కట్టుకున్నారు?"

"నా సీరతో నీకేటి పని? ఎవులే నువ్వు?"

మంచి ఆరంభమే. నేను చెమటలు తుడుచుకుని, "అమ్మా, మీ అప్ప నా పక్కన కూర్చున్నారు. మాట్లాడరట. మిమ్మల్ని చూస్తారట. ఎలా ఉన్నారో మీరు చెబితే నేను చెబుతాను," అన్నాను. చాలా మెల్లగా, "సూత్తాదా? సూడమను," అంది ఆ గొంతు. ముక్కు చీదిన చప్పుడైంది. "ఆకుపచ్చ సీర. నేత సీర. ఎర్రంచు."

"ఆకుపచ్చ నేత చీర మామ్మా, ఎర్రంచు," అన్నాను. మామ్మ కళ్లు మూసుకుంది. తల ఊపింది.

"జుట్టు తెల్లబడిపోనాది, ముడి ఇంతే, నిమ్మకాయంత. పైపళ్లు మూడు నేవు. సన్నబడ్డాను. మోకాళ్లు పట్టేస్తన్నాయి, కొట్టుకి మనవడి బుజమ్మీద సెయ్యేసి వొచ్చినాను." ఒక్కొక్క ముక్కా నేను అందిస్తున్నాను. మామ్మ నోరు విప్పలేదు గానీ వేళ్లతో తన తల చూపించింది, తన మోకాళ్లు చూపించింది, నావీ అంతే అన్నట్టు. నేను ఆ సంగతీ అటు చెప్పాను. "తనకీ మోకాళ్లేనట." అటు నవ్వు, ఏడుపు కలిసిన చప్పుడు. కిటికీ దగ్గర తీగల మావ చేతిలో పటకారు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇంకోటి సెప్పమ్మా మా అప్పకి," అంది చెల్లెలు. "ఇయేళ పనసపొట్టు కూరొండినాను. ఆ పెళ్లిలో అప్ప పెట్టినంత ఆవే పెట్టినాను. అయినా ఆ రుసి రానేదు. సాల్లేదు, ఆవ సాల్లేదు అని సెప్పు."

నేను చెప్పాను. విన్నది విన్నట్టే, ఒక్క ముక్క కలపకుండా. మామ్మ కళ్లు తెరిచింది. ముఖం ఎర్రబడింది. నా మెడలో వేలాడే మాట్లాడే గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని తన వైపు గుంజింది, దాంతోపాటు నేనూ ఒంగిపోయాను.

"ఉప్పేసి నూరినావేటే, ఒసే? ఉప్పెయ్యకుండా నూరితే ఆవ సేదెక్కి సస్తాది గానీ రుసెలగొస్తాది? ఎన్నిపాల్లు సెప్పినాను నీకు!"

తొమ్మిదేళ్ల ఒట్టు అలా పోయింది. మామ్మ తన చెవిని నా చెవి గొట్టానికి ఆనించేసింది, ఆ తరవాత అక్కచెల్లెళ్లిద్దరూ ఒకేసారి మాట్లాడడం మొదలెట్టారు. మూడు నిమిషాలయ్యాక ఆ మాట చెప్పడం నా డ్యూటీ. నోరు తెరిచాను, గొట్టం మామ్మ చేతిలో ఉంది. చెవిలో మాత్రం విజయనగరం అక్కయ్య గొంతు వినబడింది, బొంగురుగా: "ఉండవే, ఇంకో మూడు నిమిషాలు ఇద్దాం. నేను చూస్తున్నాను."

మర్నాడు ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. కళ్లజోడు, చేతిలో అర్జీ. మిల్లు బావూ, మిగతా పదముగ్గురూ ఎక్స్ఛేంజి వరండాలో నిలబడ్డారు. నేను అన్నీ ఒప్పేసుకున్నాను. బీడీ సంగతి, తినేసి చెప్పమన్న సంగతి, ఊరు భయపడుతుంటే నవ్వుకున్న సంగతి. "మరి అందరికీ చూస్తున్నాను అని ఎందుకు చెప్పావమ్మా?" అన్నారాయన. "అలాగే నేర్పారండి," అన్నాను. అప్పుడు జనాన్ని తోసుకుంటూ మిల్లు మామ్మ ముందుకొచ్చింది. కొడుకు చేతిలోని నకలు కాగితం లాక్కుని అడ్డంగా చింపింది.

"ఈ గుంటకేటీ ఔపడదు బావూ," అంది ఇన్‌స్పెక్టరుతో. "నాను పక్కన కూకోని కనిపెట్టినాను. ఇన్నది సెప్తాది, అంతే. ఒక్క ముక్క కలపదు. సూసింది నాను."

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. నేను మాత్రం నమస్కారం పెట్టడం కూడా మరచిపోయాను. పధ్నాలుగు మందీ ఒకరి వెనక ఒకరు వెనక్కి తగ్గారు. మామ్మ అటునుంచి అటే ఒట్టు తప్పినందుకు చెప్పుకోవడానికి శ్రీముఖలింగం బయల్దేరింది. "సాములోరు ఏటీ అనుకోడు. లింగానికి ముఖం ఎందుకెట్టినారు, సూడ్డానికే గదా," అంది బండెక్కుతూ. ఇన్‌స్పెక్టరు నన్ను గట్టిగా మందలించి, ఇకమీదట ఆపరేటర్లు 'చూస్తున్నాను' అనరాదనీ, 'లైను కలుపుతున్నాను' అనాలనీ కాగితం మీద ఉత్తర్వు రాసి గోడకి అంటించారు. ఆరు నెలలు నిండాక ఉద్యోగం ఖాయమైంది. నాన్నగారు కార్డు రాశారు. అందులో ఒకటే వాక్యం: 'ఇక పెట్టె మోసే పని నాకు తప్పింది.'

తీగల మావ దారం, రాయి కూడా ఇన్‌స్పెక్టరు కంటపడ్డాయి. అధికారికంగా వెంటనే తీయించేశారు. తీయించేముందు మాత్రం రెండుసార్లు నాచేత పిడి తిప్పించి, షెడ్డులో గొంతుక్కూర్చుని రాయి పడడం చూశారట. ఊరెళ్లాక మావకి ఒక మొత్తం పత్రిక, అట్టతో సహా, పోస్టులో పంపారు. టెలిఫోన్ తీగలోంచి బొమ్మలు పంపే సంగతి అందులో మొదటినుంచి చివరిదాకా ఉంది. మావ రెండు రోజులు చదివి దిగులుగా వచ్చాడు. "మొత్తం రాసీసినారే, గుంటా. నాకింక కనిపెట్టడానికేటీ మిగల్లేదు," అన్నాడు. మళ్లీ పొట్లాల కాగితాలకే వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా పొలంలో మోటారు ఫోనుతోనే తిరుగుతుంది, ఫోనుతోనే ఆగుతుంది కూడా. రాయి అక్కర్లేదు. మావ చూసి ఉంటే ఆ ఆపడం దగ్గర కాస్త కుళ్లుకునేవాడు. విజయనగరం కాలేజీలో చదివే మా మనవరాలు రోజూ సాయంత్రం వీడియో కాల్ చేస్తుంది. నేను ముందు జుట్టు సర్దుకుని, పైట సరిచేసుకుని, కళ్లజోడు తుడుచుకుని అప్పుడు ఎత్తుతాను. అరనిమిషం పలకను. ఆ చొక్కాలు తొడుక్కున్న పెద్దమనుషుల్ని తలుచుకుని నవ్వినందుకు దేవుడు నాకు వేసిన శిక్ష అనుకుంటాను. "కనబడుతున్నానా అమ్మమ్మా?" అంటుంది పిల్ల. "ఉండు, చూస్తున్నాను," అంటాను, గోడ మీది ఉత్తర్వుకి విరుద్ధంగా. బొమ్మ అద్దంలా స్పష్టంగా వస్తుంది. అయినా ఒక్కోసారి నేను కళ్లు మూసుకుని, ఏం కట్టుకున్నావో చెప్పవే అని అడుగుతాను.

"కనబడుతోంది కదా అమ్మమ్మా!"

"కనబడుతోందిలే. నువ్వు చెప్పు," అంటాను.

విసుక్కుంటూనే చెబుతుంది, ఆకుపచ్చ చుడీదారని, జడ వేసుకోలేదని, హాస్టల్లో కూర బాగోలేదని.